రేపల్లె వసారాలో నా ఉత్తరాలు

ఉత్తరాలు రాసుకునే రోజులు ఎంత బాగుండేవో అని ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలా నిట్టూర్చేవాళ్ళలో సగం మంది క్షేమంగా చేరామని ఒక కార్డు ముక్కయినా రాసిన పాపాన పోలేదు. నేను రాశాను. తెనాలిలో ఇంటర్ చదివే రోజుల నుంచి బాపట్లలో టీచరు ఉద్యోగంలో కుదురుకునేదాకా, మధ్యవేలి పక్కన కాయ కాసేంతగా రాశాను. ఆ కాయ ఇప్పటికీ ఉంది. ఉత్తరం మనుషుల్ని దగ్గర చేస్తుందని నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఎక్కడిదాకా రానిస్తుందో, ఎక్కడ ఆపేస్తుందో నాకు బాగా తెలుసు.

అంతా ఒక వారపత్రికతో మొదలైంది. ఎనభైల్లో దాదాపు ప్రతి వారపత్రికలోనూ కలం స్నేహం అని ఒక పేజీ ఉండేది. పేరు, వయసు, అభిరుచులు, చిరునామా పంపితే అచ్చు వేసేవాళ్ళు. అభిరుచులు అందరివీ ఒకటే. స్టాంపుల సేకరణ, పాటలు వినడం, కలం స్నేహం. ఇంతమంది స్టాంపులు దాచుకుంటుంటే ఉత్తరాలకు అంటించడానికి స్టాంపులు ఎలా మిగులుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. నేనూ అవే రాసి పంపాను.

అమ్మ గోల పెట్టింది. “ముక్కూ మొహం తెలీని వాళ్ళకి ఉత్తరాలేంటే? ఆడపిల్ల అడ్రసు పేపర్లో వేయిస్తారా ఎవరన్నా?” అంది. నాన్న హైస్కూలు టీచరు. పిల్లలు ఏదో ఒకటి చదువుతూ రాస్తూ ఉంటే చాలు, ఆయనకు అంతకు మించిన సంతోషం లేదు. “ఇంటి అడ్రసు వద్దులే. నా స్కూలు అడ్రసు ఇద్దాం” అని తీర్పు చెప్పారు. అలా నా పేరు కింద కేరాఫ్ అంటూ నాన్న పేరు ఇంటిపేరుతో సహా అచ్చయింది. నా పేరంటే బడి రికార్డుల్లో ఉన్న పేరు. బాప్తిస్మం పేరు వేరే ఉంది, దాన్ని అమ్మా, గుడిలో అయ్యగారూ తప్ప ఎవరూ వాడరు.

పత్రిక వచ్చిన వారం నుంచి నాన్న స్కూలుకు ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి. దాదాపు అన్నీ మగవాళ్ళవే. ప్రియమైన సోదరికి అని మొదలుపెట్టడం, రెండో పేరాకల్లా ఫోటో పంపమనడం. ఒకడు తన రక్తంతో రాస్తున్నానన్నాడు. చూస్తే ఎర్రసిరా. స్టాఫ్ రూములో మిగతా సార్లు నాన్నని ఆటపట్టించారు. “ఏంటి మాస్టారూ, అమ్మాయికి స్వయంవరం పెట్టారా ఏంటండీ?” అని నవ్వేవారు. నాన్న వాటన్నిటినీ సంచిలో వేసుకొచ్చి అమ్మ చేతికిచ్చేవారు. అమ్మ వాటిని నీళ్ళకాగు కింద పెట్టేది. కొన్నాళ్ళపాటు ఆ సోదరులందరి ప్రేమతో కాగిన నీళ్ళే నేను పోసుకున్నాను.

ఆ కట్టల్లోంచి నాన్న పక్కకు తీసి నాకిచ్చిన ఇన్‌లాండు కవరు ఒకటి రేపల్లె నుంచి వచ్చింది. రాసింది నా ఈడు అమ్మాయే. “మీ తెనాలిలో కాలవకి నీళ్ళు వదిలారాండి? మీరు వాడుకుని మిగిల్చినవే మాకు వచ్చేది. కాస్త చూసి వాడుకోండి” అని ఉంది మొదటి వాక్యం. నాకు నవ్వాగలేదు. అదే రోజు జవాబు రాశాను.

ఆ తర్వాత మూడేళ్ళు మేం రాసుకోని విషయం లేదు. ఇన్‌లాండు లోపల నింపేసి, మడత అంచుల్లో రాసి, చివరికి జిగురు రాసే చోట కూడా రాసేవాళ్ళం. నాలుగో ఉత్తరానికి అండీలు పోయి ఒసేయ్‌లు వచ్చాయి. వాళ్ళది పొలాలున్న ఇల్లు. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది. అన్నయ్య బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదువుతున్నాడు. తనను మాత్రం ఇంటర్‌తో మాన్పించి ఇంట్లో కూచోబెట్టారు. “పొద్దస్తమానం నీ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నానే” అని రాసేది. నాకు కాలేజీలో స్నేహితులు లేకపోలేదు. కానీ నేను ఒకటి అంటే దాన్ని సరిగ్గా నేను అన్నట్టే అర్థం చేసుకునే మనిషి తనొక్కతే. ఆ మాట ఇవాళ రాస్తుంటే నా మీద నాకే కోపం వస్తోంది, అయినా నిజం నిజమే.

ఆ ఇంట్లో నా ఉత్తరాలకు ఇంకొక శ్రోత ఉండేది. నాయనమ్మ. ఆమెకు చదువు రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో మంచం మీద ఒరిగి మనవరాలి చేత నా ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివించుకునేదట. బాగున్న ముక్కలు మళ్ళీ చదవమనేదట. ఆ తర్వాత దాన్ని వసారాలో వేలాడే ఇనపతీగకు గుచ్చేవారు. అలాంటి తీగ అప్పట్లో అందరిళ్ళల్లోనూ ఉండేది. కరెంటు బిల్లులు, శిస్తు రశీదులు, చుట్టాల కార్డులు అన్నీ దానికే. ఆ ఇంట్లో మాత్రం నా ఉత్తరాలకు విడిగా ఒక తీగ కట్టించిందట ఆ ముసలామె. అది చదివి నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఉత్తరం చివర ఆమె ప్రశ్నలు కూడా వచ్చేవి. “నాయనమ్మ అడగమంది, మీ కొలకలూరులో మినుములు తీశారా? ఊడుపులు అయ్యాయా? ఎద్దుకి కాలు నయమైందా?” కొలకలూరు మా తాత ఊరు. సెలవులన్నీ అక్కడే గడిపేదాన్ని కాబట్టి పొలం పనులు నాకు తెలుసు. తాతనడిగి మరీ జవాబులు రాసేదాన్ని. పొలం తెలిసిన పిల్ల అని ఆమె నన్ను తెగ మెచ్చుకునేదట.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నేను ఏదీ దాచలేదు. మొదటి డిసెంబర్లోనే క్రిస్మస్ గురించి రాశాను. మా ఇంటి మీద నాన్న వెదురుబద్దలతో నక్షత్రం కట్టడం, మా లూథరన్ గుడిలో పిల్లల నాటకంలో నేను తలకి తువ్వాలు చుట్టుకుని గొర్రెల కాపరి వేషం వెయ్యడం, గెడ్డం ఊడి పాస్టరుగారి ఒళ్ళో పడటం అన్నీ రాశాను. “నాకూ ఆ నక్షత్రం చూడాలనుందే” అని తను జవాబు రాసింది. మూడు డిసెంబర్లూ రాశాను. మా తాత ఎవరి పొలంలో పని చేసేవాడో కూడా రాశాను. మేమెవరమో ఆ ఇంట్లో అందరికీ తెలుసనే అనుకున్నాను. తీగకు గుచ్చి ఉన్నాయి కదా అన్నీ!

నేను డిగ్రీ చివరి పరీక్షలు రాసిన వేసవిలో ఒకసారి రమ్మని తను రాసింది. నాయనమ్మ చూడాలంటోందట. “మంచి చీర కట్టుకుని రావే” అని ఒక ముక్క జోడించింది. మంచి చీర ఎందుకో నాకు తోచలేదు. అమ్మ చీర కట్టుకుని, తెనాలిలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను.

రేపల్లెలో పట్టాలు అయిపోతాయి, రైలు ఇక ఎక్కడికీ వెళ్ళదు. ప్లాట్‌ఫారం మీద తను నిలబడి ఉంది. ఫోటోలు కూడా చూసుకోని మనుషులం, అయినా ఒకరినొకరం క్షణంలో గుర్తుపట్టాం. దారంతా ఇద్దరం ఒకేసారి మాట్లాడుకుంటూ నడిచాం. ఇంటికి వెళ్ళగానే కాళ్ళు కడుక్కోమని ఇత్తడి చెంబు నా చేతికిచ్చింది. ఆ చెంబు గుర్తుపెట్టుకోండి.

వసారాలో నా తీగ చూశాను. నిండుగా ఉంది. నాయనమ్మ లేచి వచ్చి నా గెడ్డం పట్టుకుని, నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. “ఇంత చిన్న చెయ్యా తల్లీ అన్నన్ని రాసింది!” అంది. నా ఉత్తరాల్లోంచి కొన్ని వాక్యాలు ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపల భోజనాలు. అరిటాకులు వేశారు. గారెలు, కోడికూర, గోంగూర పచ్చడి. ఎదురుగా వాళ్ళన్నయ్య కూచున్నాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, తల వంచుకుని, మధ్యమధ్య నన్ను చూస్తూ. నెయ్యి వడ్డిస్తూ నాయనమ్మ వాడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. చదువు, బుద్ధి, తాగుడు తిరుగుడు లేకపోవడం. అప్పుడు వెలిగింది నాకు మంచి చీర సంగతి. ఇవి పెళ్ళిచూపులు! నా స్నేహితురాలు నా పక్కనే కూచుని ముసిముసిగా నవ్వుతోంది.

నేను ఇంకా తేరుకోనే లేదు. నాయనమ్మ నా ఆకులో ఇంకొంచెం నెయ్యి వేసి అడిగింది. “అవునమ్మా, కొలకలూరులో పెద్దింటివాళ్ళకి మీ నాన్న ఏమవుతాడు? దగ్గరి దాయాదులా, దూరపువాళ్ళా?”

ఆ ఊళ్ళో పెద్ద భూస్వాముల ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒకటే. ఒకే ఊరి నుంచి తరలివచ్చిన వాళ్ళందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరు అయితే, అందులో దొరలూ ఉంటారు, పాలేర్లూ ఉంటారు. పత్రికలో ఆ ఇంటిపేరు విని, మినుముల కబుర్లు విని, ఆమె మూడేళ్ళ నుంచి మమ్మల్ని తమవాళ్ళలో కలిపేసుకుంది.

“ఏమీ కారండి మామ్మగారూ. మా తాత వాళ్ళింట్లో పాలేరుగా చేశాడు. మేం క్రిస్టియన్లం కదండీ, ఊరి బయట పల్లెలో వాళ్ళం” అన్నాను. నా గొంతులో ఏ తడబాటూ లేదు. తెలిసిన విషయమే మళ్ళీ చెబుతున్నానని నా నమ్మకం.

ఆమె నేతిగిన్నె కింద పెట్టింది. “మరి ముందే చెప్పొద్దా తల్లీ?” అంది.

“రాశాను కదండీ. ప్రతి క్రిస్మస్‌కీ రాశాను.”

ఆమె మనవరాలి వైపు తిరిగింది. “ఏమే, రాసిందా?”

నా స్నేహితురాలు తన ఆకులోకి చూస్తోంది. “అట్లాంటిదేం రాయలేదు నాయనమ్మా” అంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాక్యం తలుచుకుంటే నా అరచేతులు మంటెత్తుతాయి. అన్నయ్య లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నేను లేవబోయాను. నాయనమ్మ వారించింది. కోపంగా కాదు, మెత్తగానే. “మధ్యలో లేవకూడదమ్మా, తిను. తిన్నాక ఆకు నువ్వే తీసి దొడ్లో పెంట మీద వేసెయ్యి.”

మా వైపు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా అతిథి చేత ఆకు తీయించరు. అడుక్కుతినే మనిషి వచ్చినా సరే, తీసేది ఆ ఇంటివాళ్ళే. నేను ఆ ఆకు మడిచి, అందులోని అన్నంతో సహా పట్టుకెళ్ళి పెంట మీద వేశాను. నా స్నేహితురాలు వెనకాలే వచ్చింది, చేతులకు నీళ్ళు పోయడానికి. అదే ఇత్తడి చెంబు. ఈసారి నా చేతికివ్వలేదు. భుజం ఎత్తుకు లేపి, నాకు తగలకుండా, పైనుంచి పోసింది. ఎవరూ తనకు అలా పొయ్యమని చెప్పలేదు. వెనక్కి తిరిగి చూశాను, నాయనమ్మ అక్కడ లేదు కూడా. అయినా తను అలాగే పోసింది.

వెళ్ళేముందు వసారాలో ఆగాను. “నేను రాసినవి ఈ తీగకే ఉన్నాయి మామ్మగారూ. మీ మనవడి చేతే చదివించండి. డిసెంబరువి తియ్యమనండి” అన్నాను. అన్నయ్య గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. వ్యవసాయశాస్త్రం చదువుతున్నవాడికి తెలుగు ఉత్తరం చదవడం రాదా? తీగ వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. “పోనీలేమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు” అంది నాయనమ్మ.

“అయితే నా ఉత్తరాలు నాకిచ్చెయ్యండి.”

“వద్దులే తల్లీ, ఉండనీ. కాయితానికేముంటుంది!” అంది.

కాయితానికి లేని అంటు నాకుంది. ఒక్కదాన్నే స్టేషనుకు నడిచి, సాయంత్రం రైలు కదిలేదాకా ఖాళీ పెట్టెలో కూచున్నాను. స్టేషనుకు ఎవరూ రాలేదు. ఇంటికి వచ్చి చెబితే అమ్మ ఏడ్చింది, నాన్న “పోనీలేమ్మా” అన్నారు. ఆ మాటే అక్కడా విని వచ్చానని నాన్న మీద కూడా ఇంతెత్తున లేచాను.

అక్కడితో అయిపోయినా బాగుండేది. రేపల్లె నుంచి ఆ కబురు చుట్టాల నోట పడి కొలకలూరు చేరింది. టీచరు కూతురు పెద్దింటివాళ్ళ అమ్మాయినని చెప్పుకుని, కులం దాచి పెళ్ళిచూపులకి వెళ్ళిందట అని. పెద్దింటివాళ్ళు మా తాతను పిలిపించారు. “మా ఇంటిపేరు చెప్పుకుని తిరుగుతోందంటగా నీ మనవరాలు?” అని అడిగారు. నడుం వంగిపోయిన మనిషి, వాకిట్లో నిలబడి, చెయ్యని తప్పుకి చేతులు జోడించి వచ్చాడు. నాకు ఆ సంగతి చాలా రోజుల తర్వాత చెప్పారు. చెప్పినప్పుడు తాత నవ్వుతూనే ఉన్నాడు. “పిల్లవి, నీకెందుకులే” అన్నాడు.

రేపల్లె నుంచి తను మాత్రం రాసింది. లావుపాటి కవరు. అందులో అసలు సంగతి ఒప్పుకుంది. క్రిస్మస్ ముక్కలు, తాత ముక్కలు వచ్చినప్పుడల్లా చదవకుండా దాటేసేదట. దాటేసిన చోట తన సొంత వాక్యాలు పెట్టి చదివేదట. తెలిస్తే నాయనమ్మ ఉత్తరాలు ఆపించేస్తుందని భయం. పెళ్ళిచూపుల మాట వచ్చినప్పుడు కూడా ఏదో ఒకటి జరిగి ఎవరూ అడగరనుకుందట. “నువ్వంటే అంత ఇష్టమే నాకు. నన్ను అర్థం చేసుకోగలిగింది నువ్వొక్కదానివే” అని రాసింది. ఇకమీదట ఇంటికి కాకుండా పక్కింటి అడ్రసుకి రాయమంది.

నేను రాసిన జవాబులో ఎక్కువ లేదు. “మీ నాయనమ్మ దగ్గర కూచుని, తను రాసింది, నేనే చదవలేదు అని చెప్పు. అంతకంటే నాకేమీ వద్దు.” ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. తను జవాబులు రాసింది. ఎన్నో రాసింది. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని, మన స్నేహం జన్మజన్మలదని. ఇష్టమట! పేజీలకు పేజీలు నింపగలిగిన మనిషికి పక్క మంచం మీద ఉన్న ముసలామెతో ఒక్క వాక్యం చెప్పడానికి నోరు పెగల్లేదు. తన ఉత్తరాలకు జవాబు రాయడం మానేశాను. కొన్నాళ్ళకి తనూ మానేసింది. పెళ్ళయిందని ఎవరో అన్నారు.

ఉత్తరాలు రాయడం మాత్రం నేను మానలేదు. ఎందుకు మానాలి? పద్ధతి మార్చానంతే. కొత్తగా ఎవరికి రాసినా మొదటి వాక్యంలోనే మేమెవరమో రాసేసేదాన్ని. ఇష్టమైతేనే జవాబు రాయండి అనేదాన్ని. కొంతమంది మళ్ళీ రాయలేదు. కొంతమంది మానవులంతా ఒక్కటే అని ఉపన్యాసం రాసి, ఆ తర్వాత రాయలేదు. పేరాల అనే ఊళ్ళో మగ్గం నేసే ఇంటావిడ ఒకామె మాత్రం, “మీరెవరైతే నాకేంటండి, ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో రాయండి, నా కళ్ళు సరిగా ఆనడం లేదు” అని రాసింది. ఆమెకు ఏళ్ళ తరబడి రాశాను.

తొంభైల్లో నాకు బాపట్లలో టీచరు ఉద్యోగం వచ్చింది. అద్దె ఇల్లు తీసుకున్నాను. గోడకు ఒక తీగ కట్టుకుని వచ్చిన ఉత్తరాలన్నీ దానికే గుచ్చేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం గుడి నుంచి వచ్చి అన్నం తిని లేస్తుంటే గుమ్మంలో తను, రేపల్లె స్నేహితురాలు. కాస్త ఒళ్ళు చేసింది. మళ్ళీ క్షణంలోనే గుర్తుపట్టాను.

కూచోమన్నాను. కాఫీ ఇస్తే తాగింది. గ్లాసు పట్టుకోవడానికి ఏమాత్రం తటపటాయించలేదు. చూసేవాళ్ళు లేనిచోట తనకు ఏ పట్టింపూ లేదు. వాళ్ళన్నయ్య బాపట్లలోనే ఉద్యోగం చేస్తున్నాడట, రెండు వీధుల అవతల ఇల్లు. నాయనమ్మను వైద్యానికని అక్కడికి తెచ్చారట. వాళ్ళ వదిన కొడుకు మా బడిలోనే చదువుతున్నాడట, ఆమె నోట నా పేరూ ఇంటిపేరూ విని గుర్తుపట్టి వచ్చిందట.

“నాయనమ్మకి ఏదీ సరిగా గుర్తుండటం లేదే. మధ్యాహ్నం అయితే చాలు, తెనాలి అమ్మాయి ఉత్తరం వచ్చిందా, చదవవేంటే అని ఒకటే గొడవ. పాతవి చదివితే ఇవి విన్నవేగా అంటుంది. నాలుగు ముక్కలు కొత్తగా రాసివ్వవే. చదివి వినిపిస్తాను. ఎన్నాళ్ళో బతకదు.”

ఆ ముసలామె నా చెయ్యి తిప్పి చూడటం గుర్తొచ్చింది. “రాయడమెందుకు, నేనే వస్తాను. రెండు వీధులేగా” అన్నాను.

తను కొంగు అంచు పిండుకుంది. “వద్దులేవే. ఇల్లు వదినది. వాళ్ళ అమ్మావాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు రాస్తే చాలు.”

కాయితానికేముంటుంది! అదే మాట, ఇంకో నోట. నా కోపం ఒక్కసారిగా చల్లబడి గట్టిపడింది. అరవలేదు. బల్ల దగ్గర కూచుని కాగితం తీసుకుని, ఆమె మంచం మీద ఒరిగి చదివించుకుంటున్నట్టే ఊహించుకుని రాశాను.

“మామ్మగారికి, నేను తెనాలి అమ్మాయిని. ఇప్పుడు బాపట్లలోనే ఉంటున్నాను. మేం క్రిస్టియన్లమని మీకు మొదటి ఏడాదే రాశాను. మా తాత పాలేరని కూడా రాశాను. ఆ ఉత్తరాలు మీ తీగకే ఉండేవి. మీ మనవరాలు ఆ ముక్కలు మీకు చదవలేదు. ఆ రోజు మీరు అడిగితే రాయలేదని అబద్ధం చెప్పింది. నేను మిమ్మల్ని మోసం చెయ్యలేదు. మీరు వేసిన నెయ్యి చాలా బాగుంది. ఒంట్లో ఎలా ఉంది? ఈ ఏడు మినుములు తీశారా?”

కాగితం తన చేతికిచ్చాను. “ఒక్క ముక్క మింగకుండా చదువు. చదివాక నువ్వు మళ్ళీ నాకు ఏం రాసినా జవాబు రాస్తాను” అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను. ఆ క్షణాన తను ఊ అంటే చాలు, అన్నీ మర్చిపోవడానికి సిద్ధంగా ఉన్నాను.

తను చదివింది. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చింది. తర్వాత కాగితాన్ని మడిచి బల్ల మీద, కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

“ఇది నేను చదవలేనే” అంది.

“ఎందుకని? అబద్ధం ఏమన్నా ఉందా అందులో?”

“అది కాదే. చచ్చిపోయే మనిషి ముందర... నా గురించి ఏమనుకుంటుంది?”

“నా గురించి ఏమనుకుని చచ్చిపోయినా ఫరవాలేదా?”

తను లేచి చెప్పులు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళాను. “ఇంటికెళ్ళాక ఉత్తరం ఏదని అడుగుతుందిగా. ఏం చెప్తావు?”

“నువ్వు ఊళ్ళో లేవని చెప్తాలే” అంది, ఏదో నాకు సాయం చేస్తున్నట్టు.

తను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి వచ్చి ఆ ఉత్తరాన్ని నా తీగకు గుచ్చాను. నెల తిరక్కుండానే ఆ ముసలామె పోయిందని బడిలో తెలిసింది. ఆఖరిదాకా మధ్యాహ్నాలు ఉత్తరం అడుగుతూనే ఉందట. నేను ఊళ్ళోనే ఉన్నాను. రెండు వీధుల అవతల, తలుపు తీసుకుని, ఆ ఆదివారం మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉన్నాను.